చాకలి పద్దు

గెంట్ నగరంలో, కాలువ పక్క సందులో
బట్టలుతికే యోసీన రాసిందట దాన్ని
గంజి మరకల కాగితాల మీద,
పదిహేడువందల ఎనభై మూడులో,
తన సందు యాసలోనే.
బిషప్పు పడకగది గురించి
బిషప్పుకే తెలియనివి ఉన్నాయని వినికిడి.

తగలబెట్టమన్నాడు న్యాయాధికారి.
తలారి తెలివైనవాడు.
అదే రంగు అట్ట ఉన్న ప్రార్థనల పుస్తకాన్ని మంటలో వేసి
దీన్ని చొక్కాలో దోపుకుని
చేపల సంతలో అమ్ముకున్నాడు.
దేవుడి మాటలు కాలుతుంటే
జనం ముక్కులు మూసుకున్నారు,
పాపం కంపు కొడుతోందని.

ఇక దానికి కాళ్లు మొలిచాయి.
లియోన్ పట్టు వర్తకుడు ఎర్ర మేకతోలు తొడిగి
అంచులకు బంగారం పూయించాడు.
ఆయన పోయాక భార్య పిండి డబ్బా అడుగున పెట్టింది,
పదకొండేళ్లు
ఆ ఇంటి రొట్టెలన్నీ దాని మీదినుంచే వచ్చాయి.
బాజెల్‌లో పళ్ల డాక్టరు ట్షుడిన్
అక్రోటు చెక్కతో పెట్టె చేయించి
తాళంచెవి మెడలో కట్టుకున్నాడు, మంగళసూత్రంలా.
స్నానానికీ తీసేవాడు కాదని పనిమనిషి సాక్ష్యం.
అతనికి ఆ భాష రాదు.
పట్టు వర్తకుడికీ రాదు.
బ్యూనస్ ఎయిరెస్ నుంచి ఫోనులోనే
వేలం పాట పాడి గెలిచిన
మాంసం ఎగుమతిదారు ఓలసాబల్‌కైతే
దాని రంగు కూడా తెలియదు.
ఇంకొకడికి దక్కకూడదు, అంతే.

వేలం పట్టీ నేనూ చూశాను:
"వెన్ను సడలింది. అంచులు నలిగాయి.
అక్కడక్కడా పురుగు తిన్నది.
వయసుకి బాగానే ఉంది."
సంతలో పశువు నోరు తెరిచి
పళ్లు లెక్కపెట్టినట్టు.

కథ కంచికి, మనం ఇంటికి అంటాం.
ఈ కథ జెనీవాకి పోయింది.
సుంకం లేని గోదాములో,
కొలిచి వదిలిన గాలిలో,
ఎవరివో రెండు వయొలిన్లకీ
విప్పని ఒక పాలరాతి తలకీ నడుమ.
దుమ్ము కూడా అనుమతి లేకుండా రాదక్కడికి.
ఊరంతా చెవులు కొరుక్కున్న మాట
ఒక్క చెవీ లేని చోట.

మొన్న మార్చిలో కుట్టు తెగిందని
మరమ్మతుకి పంపారు, మళ్లీ గెంట్‌కే,
గోడెలీవ బల్ల మీదికి.
వాళ్ల అమ్మమ్మది ఆ సందు యాసే.
చదవకూడదనుకుంటూనే
కళ్లజోడు తుడుచుకుంది.

పడకగది గురించి మూడు వాక్యాలు.
అందులో ఒకటి దోమతెర గురించి.
మిగిలిన ఎనభై ఎనిమిది పుటలూ లెక్కలు.
ఎవరి దుప్పటి, ఎన్ని మరకలు,
ఏది ద్రాక్షసారా, ఏది కాదు,
దేనికెంత సబ్బు కరిగింది,
వేళ్లు పగిలిన చలికాలంలో ఎవరు
వచ్చే వారం ఇస్తామన్నారు.
నలభయ్యో పుట మధ్యలో:
న్యాయాధికారిగారివి చొక్కాలు పదహారు.
బాకీ.

గోడెలీవ నవ్విందని చెప్పింది నాతో.
తర్వాత కాసేపు నవ్వలేదట.
పుటల మడతలో, కుట్టు లోపల,
గట్టిపడిన గంజి పొలుసు ఒకటి.
తడి వేలితో తాకితే
ఇప్పటికీ అంటుకుంటోంది.
చిరుగులు అతకడానికి ఆమె వాడేదీ
గోధుమ గంజే.
రోజూ పొద్దున్నే కాచుకుంటుంది,
ఉండ కట్టకుండా, చెక్క గరిటెతో.

నివేదికలో ఏం రాయాలో రెండు రోజులు తేల్చుకోలేదు.
చదివానని రాస్తే ధర పడిపోతుందేమో,
పెరుగుతుందేమో,
రెండూ ఆమెకు నచ్చలేదు.
చివరికి ఇలా రాసింది:
"కుట్టు సరిచేశాను.
మరకలు తియ్యలేదు."

కింద తన బిల్లు జతచేసింది.
ఇవాళ్టికి నూట పది రోజులు.
అడిగితే జెనీవా వాళ్లు మర్యాదగానే
వచ్చే వారం అన్నారు.